ఆరంగుళాల పాత నీటి పైపులో రోబో: మూడో కాలు పైకా, కిందికా?

పైపులోపలిచీమ | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని మేము నలుగురం ఎనిమిది నెలలుగా ఒక రోబో తయారు చేస్తున్నాం. దాని పని ఒక్కటే. రోడ్డు తవ్వకుండా పాత పోత ఇనుప నీటి పైపులోకి దూరి, కారుతున్న అతుకును లోపలి నుంచే మూయాలి.

ముందు భాగంలో కెమెరా, తుప్పు గీకే గొలుసులు ఉంటాయి. వెనక రబ్బరు బుడగ. దానికి చాపలా చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు, స్లీవు మీద రబ్బరు పొర. అతుకు దగ్గరకు వెళ్లాక బుడగలోకి గాలి కొడతాం. స్లీవు విచ్చుకుని పైపు గోడకు అదుముకుంటుంది, పళ్ల చక్రాలు పడి అక్కడే బిగుసుకుంటుంది. బుడగలో గాలి తీసేసి వెనక్కి వచ్చేస్తాం. స్లీవు ఆలోచన మాది కాదు. జర్మనీలో మురుగు పైపులకు ఇలాంటివి చాలా ఏళ్లుగా వేస్తున్నారు. మా కష్టమంతా దాన్ని మన ఆరంగుళాల, అంటే 150 మిల్లీమీటర్ల పైపులో నడిపించడం.

సమస్య కాళ్ల దగ్గర వచ్చింది. రోబోకు మూడు కాళ్లు, ఒక్కో దాని చివర చక్రం. రెండు కింద, ఒకటి పైన. స్ప్రింగులతో పైపు గోడలను నొక్కుతూ పోతుంది. కొత్త పైపులో పరుగులు తీసింది. నిన్న పాత సామాన్ల దుకాణంలో కొన్న సీఐ, అంటే పోత ఇనుప పైపులో పెడితే రెండో ఇంటి కనెక్షన్ దగ్గర పై చక్రం తట్టుకుని ఆగిపోయింది. వెనక్కీ రాలేదు. చివరికి వెదురు కర్రతో తోసి బయటికి తీశాం. ఎవరికైనా ఉపాయం తోస్తే చెప్పండి.

ఊరికేఅడిగా | ఆదివారం, రాత్రి 11:05

నిరుత్సాహపరచాలని కాదు కానీ, వందేళ్ల పైపుకు లోపల పట్టీ వేయడం దేనికి? పీకేసి కొత్తది వేస్తే పీడా పోతుంది కదా!

పైపులోపలిచీమ | ఆదివారం, రాత్రి 11:20

పత్తర్‌గట్టీ వెనక సందుల్లో ఒకసారి నడిచి చూడండి. స్కూటరు వస్తే మనిషి గోడకు ఆనుకోవాలి. ఆ సందు కిందే మంచినీళ్ల లైను, మురుగు లైను, కరెంటు కేబుళ్లు, ఫోను కేబుళ్లు. ఒకదాని కోసం గునపం దించితే ఇంకోటి తెగుతుంది. కొత్తది వేయాల్సిన చోట వేయాల్సిందే, కాదనను. వేయలేని చోటి గురించే మా తపన.

పాతవాల్వు | సోమవారం, ఉదయం 5:50

అమ్మా, నేను నీటి సరఫరా పనుల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాను. ముందు మీ వెదురు కర్రకు నమస్కారం.

ఊరికేఅడిగా గారికి ఒక మాట. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఆ నీళ్లను ఇంటింటికీ తీసుకెళ్లడానికి పోత ఇనుప పైపులు వేశారు. ఆ కాలపు పైపు మందం చూస్తే నేటి వాళ్లకు నవ్వు వస్తుంది, అంత దండిగా పోశారు. నేను విప్పించిన పైపుల్లో గోడ పాడైనవి తక్కువ, అతుకు పాడైనవి ఎక్కువ. ఫ్రాన్సులో వెర్సాయ్ తోటలకు పదిహేడో శతాబ్దంలో వేసిన పోత ఇనుప పైపులు మూడొందల ఏళ్లకు పైగా నీళ్లిచ్చాయి. వయసైంది పైపుకు కాదు, అతుకుకు. కాబట్టి ఈ అమ్మాయి అతుకును పట్టుకోవడం సరైన పనే.

ఇక మీ సమస్య. ఇంటి కనెక్షన్ ఇచ్చేటప్పుడు పైపుకు పైన గానీ భుజం మీద గానీ రంధ్రం చేసి ఫెర్రూల్, అంటే ఇంటి గొట్టం తగిలించే మరల ముక్క, బిగిస్తారు. కింద ఎప్పుడూ చేయరు, చేస్తే ఒండ్రు దిగి మూసుకుపోతుంది. పాత ప్లంబర్లు గట్టిగా ఉంటుందని రెండు మరలు ఎక్కువే తిప్పేవారు. ఆ ముక్క లోపలికి అంగుళం దాకా పొడుచుకుని ఉంటుంది. మీ పై కాలు సరిగ్గా ఆ దారిలోనే నడుస్తోంది. రోబోను బోర్లా తిప్పండి. ఒక కాలు కింద, రెండు కాళ్లు పై భుజాల మీద. గడియారంలో చెప్పాలంటే ఆరు, పది, రెండు. పన్నెండు ఖాళీగా ఉంటుంది.

కార్వాన్_కుర్రాడు | సోమవారం, ఉదయం 9:15

అతుకుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా తాతయ్య సీసం పోసే పని చేసేవారు. ఒక పైపు కొసను ఇంకో పైపు వెడల్పు మూతిలో పెట్టి, మధ్య సందులో జనపనార తాడు కూరేవారు. చుట్టూ బంకమట్టి కట్ట కట్టి పైన చిన్న నోరు వదిలేవారు. కుంపటి మీద కాగిన సీసాన్ని గరిటెతో ఒకే దమ్ములో అందులో పోయాలి, మధ్యలో ఆపితే అతుకు చెడినట్టే. చల్లారాక ఉలి, సుత్తి పట్టుకుని చుట్టూ కొట్టి బిగించేవారు. లోపల ఒక్క చుక్క తడి ఉన్నా సీసం ఫెళ్లున పైకి చిమ్మేది. ఆయన కుడి ముంజేతి మీద బియ్యపు గింజలంత మచ్చలు ఉండేవి. చిన్నప్పుడు వాటిని లెక్కపెడుతూ నిద్రపోయేవాణ్ణి.

ఆయన చెప్పేది ఒకటి గుర్తుంది: "తాడు తడిగా ఉన్నంత కాలం అతుకు బతుకుతుంది." తడికి తాడు ఉబ్బి సందు మూసుకుంటుంది.

దూరపుకొండ | సోమవారం, మధ్యాహ్నం 1:30

కుర్రాడి తాతగారు చెప్పిన మాట ఇక్కడ గ్యాస్ కంపెనీలు చాలా ఖర్చు పెట్టి నేర్చుకున్నాయి! నేను ఇంగ్లండులో పైపుల్లో పెట్టే సెన్సర్ల మీద పని చేస్తాను. పూర్వం బొగ్గు నుంచి తీసిన గ్యాసులో తేమ ఉండేది. సహజ వాయువుకు మారాక ఆ పొడి గ్యాసుకు అతుకుల్లోని జనపనార ఎండిపోయి సందులు పడ్డాయి. వాటిని మూయడానికే న్యూయార్క్‌కు చెందిన యూఎల్‌సీ సంస్థ సిస్‌బాట్ అనే రోబోను తెచ్చింది. గ్యాస్ పారుతుండగానే పెద్ద పైపులోకి దిగి, ఒక్కో అతుకుకూ రంధ్రం చేసి, జనపనారలోకి జిగురు ఎక్కిస్తుంది.

అమెరికా ప్రభుత్వ సంస్థ ఆర్పా-ఈ 2020లో రిపేర్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పాత గ్యాస్ పైపు లోపలే రోబోతో కొత్త పైపును పోత పోయాలని దాని లక్ష్యం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు అందులో పాల్గొన్నారు. ఇక్కడ 2019లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం ముందుండి పైప్‌బాట్స్ మొదలుపెట్టింది. అది మరమ్మతుకు కాదు, చిన్న చిన్న రోబోలను నీటి పైపుల్లో, మురుగు పైపుల్లో తిరగనిచ్చి లోపాలు కనిపెట్టడానికి.

చీమగారూ, మీరు స్లీవు బదులు రెసిన్, అంటే గట్టిపడే జిగురు, గొట్టం ఎందుకు ఆలోచించలేదు? 1971లో లండన్‌లో మొదలైన పద్ధతి అది. రెసిన్‌లో తడిపిన గుడ్డ గొట్టాన్ని పైపులోకి తిరగేసి నెట్టి, వేడి నీళ్లతోనో ఆవిరితోనో గట్టిపరుస్తారు. ఒక్కసారికే పొడుగంతా అయిపోతుంది.

పైపులోపలిచీమ | సోమవారం, రాత్రి 9:10

పాతవాల్వు సార్, మీ గడియారం లెక్క మా షెడ్డు గోడ మీద సుద్దతో రాశాం. ధన్యవాదాలు.

దూరపుకొండ గారూ, రెసిన్ గురించి రెండు నెలలు ఆలోచించి వదిలేశాం. ఒకటి, తాగే నీళ్లు. రెసిన్ పూర్తిగా గట్టిపడకపోతే వాసన మొదట వంటింట్లోనే తెలుస్తుంది. రెండు, మీరు గొట్టం వేస్తే ఇంటింటి ఫెర్రూల్ రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. మళ్లీ ఒక్కోటీ వెతికి తెరవాలి. పాతబస్తీలో ఒక్క సందులో ఎన్ని కనెక్షన్లు ఉంటాయో మీకు తెలియనిది కాదు. స్లీవు అతుకు మీద మాత్రమే పడుతుంది, ఫెర్రూల్ జోలికి పోదు. వేసిన పది నిమిషాలకే నీళ్లు వదలొచ్చు.

గ్యాస్ రోబోలది ఒక అవస్థ, గ్యాస్ ఆపకుండా పని చేయాలి. మనకు ఇంకో అవస్థ. రోజు విడిచి రోజు నీళ్లు. రెండు గంటలు నీళ్లు, తర్వాత నలభై ఆరు గంటలు ఖాళీ పైపు. ఈ ఊరి శాపాన్నే మేము పని వేళగా వాడుకోవాలనుకుంటున్నాం.

మూడోఅంతస్తు | సోమవారం, రాత్రి 9:45

ఆ ఖాళీ గంటల్లో ఏం జరుగుతుందో మేము రుచి చూస్తూనే ఉన్నాం. నీళ్లు రాగానే మొదటి బిందె టీ రంగులో ఉంటుంది. రెండోది కాస్త నయం. మొదటి రెండూ మొక్కలకే. మా మందార మొక్క మాత్రం ఏపుగా పెరిగింది.

పాతవాల్వు | మంగళవారం, ఉదయం 5:40

అమ్మా, నవ్వి ఊరుకునే విషయం కాదిది. నీళ్లు ఉన్నప్పుడు అతుకులోంచి బయటికి కారతాయి. నీళ్లు లేనప్పుడు పక్కనున్న మురుగు అదే అతుకులోంచి లోపలికి వస్తుంది. 2009లో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ వేసవిని నా తోటివాళ్లు ఎవరూ మరచిపోలేదు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మూడో అంతస్తుకు నీళ్లు ఎక్కడానికి మీరు పైపు లైనుకే మోటారు బిగించారా?

మూడోఅంతస్తు | మంగళవారం, ఉదయం 8:20

మా వీధిలో అందరూ బిగించారండీ.

పాతవాల్వు | మంగళవారం, ఉదయం 8:31

అదీ సంగతి! సంపులో పడ్డ నీళ్లను మోటారుతో పైకి ఎక్కించుకోండి, ఎవరూ కాదనరు. లైనుకే బిగించి లాగితే ఆ మోటారు నీళ్లతో పాటు అతుకు పక్కనున్న మురుగును కూడా లాగుతుంది. మీ టీ రంగులో సగం మీ వీధి మోటార్లదే.

మూడోఅంతస్తు | మంగళవారం, ఉదయం 8:50

తిట్టు తగిలింది. ఇంటాయనకు చూపించాను. సంపు తవ్వించే ఖర్చు ఎంతవుతుందో అడుగుతున్నారు.

లెక్కలమాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:30

ఎవరూ లెక్క వేయలేదు కాబట్టి నేను వేస్తాను. పెన్సిలు మందంలో, అంటే ఆరు మిల్లీమీటర్ల రంధ్రం అనుకోండి. పైపులో పది మీటర్ల ఎత్తు నీటి పీడనం, అంటే సుమారు ఒక బార్. రంధ్రంలోంచి నీరు సెకనుకు 14 మీటర్ల వేగంతో బయటికి రావాలి. ధార సన్నబడటాన్ని 0.6తో సరిచేస్తే గంటకు దాదాపు 855 లీటర్లు.

రోజు విడిచి రోజు రెండు గంటలంటే నెలకు ముప్ఫై గంటలు. అంటే 25 వేల లీటర్ల పైచిలుకు. 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం ఒక ఇంటికి నెలకు ఇచ్చేది 20 వేల లీటర్లు. ఒక పెన్సిలు రంధ్రం ఒక కుటుంబం కంటే ఎక్కువ తాగుతోంది. ఇక 24 గంటలూ నీళ్లిస్తామంటే ఆ రంధ్రం ఆ 20 వేలనూ ఒక్క రోజులోనే మింగేస్తుంది. అతుకులు మూయకుండా ఇరవై నాలుగు గంటల సరఫరా అనేది చిల్లు కుండలో పాలు కాచడమే.

పాత సీఐ పైపు పొడవు పన్నెండు అడుగులు. కిలోమీటరుకు 270కి పైగా అతుకులు. చీమగారూ, ఒక్కో అతుకుకు మీకు ఎంత సేపు పడుతుంది?

పైపులోపలిచీమ | మంగళవారం, రాత్రి 10:15

శుభ్రమైన పైపులో పద్దెనిమిది నిమిషాలు. తుప్పు పట్టిన పైపులో నలభై. అన్ని అతుకులకూ అక్కర్లేదని మా నమ్మకం, కారేవాటికి వేస్తే చాలు. కారేవి ఏవో కనిపెట్టడమే కష్టం.

పాతవాల్వు | బుధవారం, ఉదయం 5:55

మా కాలంలో రాత్రి రెండింటికి వాల్వు మీద ఇనుప కడ్డీ ఆనించి, ఇంకో కొస చెవికి పెట్టుకుని వినేవాళ్లం. కారే చోట సన్నటి సుయ్‌మనే శబ్దం. కుక్కలు మొరగకపోతే దొరికేది. నీళ్లు ఉన్న గంటల్లోనే వినాలి, ఖాళీ పైపు ఏమీ చెప్పదు. కాబట్టి మొదటి రోజు నీళ్లున్నప్పుడు వినండి, మర్నాడు ఖాళీలో దిగండి.

ఇంకో హెచ్చరిక. పాత వాల్వులు పూర్తిగా మూసుకోవు. చక్రం తిరగడం ఆగుతుంది, నీళ్లు ఆగవు. వాల్వు పాసవుతోంది అంటాం. మీరు ఎండుగా ఉంటుందనుకున్న పైపులో బొటనవేలంత ధార పారుతూనే ఉంటుంది.

ఊరికేఅడిగా | బుధవారం, ఉదయం 10:00

రోబో లోపల ఉండగా ఎవరైనా పొరపాటున నీళ్లు వదిలితే?

లెక్కలమాస్టారు | బుధవారం, ఉదయం 10:25

మంచి ప్రశ్న. బుడగ ఉబ్బి పైపు పూర్తిగా మూసుకుని ఉంటే, 150 మిల్లీమీటర్ల పైపులో ఒక బార్ పీడనానికి సుమారు 180 కిలోల తోపు. ఇద్దరు బరువైన మనుషులు వెనక నుంచి నెట్టినట్టు. కేబులు తెగిందంటే రోబో తర్వాతి మలుపు దగ్గర దొరుకుతుంది, ముక్కలుగా.

పాతవాల్వు | బుధవారం, ఉదయం 10:40

అందుకే వాల్వు కీ రోబో నడిపేవారి చేతిలోనే ఉండాలి. నీళ్లు వదిలే లైన్‌మన్‌కు ఫోను చేసి చెప్పాం అనే మాట చాలదు. వాల్వు గుంత పక్కన మనిషిని కూర్చోబెట్టి, కీని అతని ఒళ్లో పెట్టండి.

కార్వాన్_కుర్రాడు | బుధవారం, మధ్యాహ్నం 2:10

ఇవన్నీ వచ్చాక లైన్‌మన్‌ల పని ఏమవుతుంది? మా బస్తీలో పైపు ఎక్కడ ఉందో కాగితం మీద లేదు. ఒక పెద్దాయన తలలో ఉంది.

దూరపుకొండ | బుధవారం, మధ్యాహ్నం 3:00

ఆయన్ని రోబో పక్కన నడిపించి, ఆయన చెప్పిందంతా పటంలో ఎక్కించాలి. అందుకు జీతమూ ఇవ్వాలి. పటం లేని చోట రోబో గుడ్డిదే. మురుగు వైపు మాత్రం రోబో మనిషి స్థానంలోకి రావడమే న్యాయం. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించినా చావులు ఆగలేదు. కేరళ కుర్రాళ్ల బాండికూట్ 2018లో తిరువనంతపురంలో ఆ పనికే దిగింది. ఐఐటీ మద్రాసులో పుట్టిన సోలినాస్ సంస్థ పైపుల లోపల చూసే ఎండోబాట్‌ను చేసింది. చూసేవి మన దగ్గర ఉన్నాయి, బాగు చేసేవే తక్కువ. అందుకే ఈ చర్చకు రోజూ వస్తున్నాను.

పైపులోపలిచీమ | గురువారం, రాత్రి 11:30

సార్ చెప్పినట్టు ఆరు, పది, రెండు పెట్టి చూశాం. ఫెర్రూల్ దాటింది! షెడ్డులో చప్పట్లు కొట్టుకున్నాం. ఆ ఆనందం నాలుగు మీటర్లే. పైపు అడుగున ఒండ్రు, తుప్పు పొడి పేరుకుని ఉన్నాయి కదా, కింది ఒంటికాలు అందులో కూరుకుని గిరగిరా తిరుగుతోంది. బరువంతా దాని మీదే. ముందు రెండు కాళ్లు కింద ఉన్నప్పుడు ఒండ్రును రెండు వైపులా వదిలి నడిచేది. ఇప్పుడు ఫెర్రూల్ వదిలి ఒండ్రులో పడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఊరికేఅడిగా | శుక్రవారం, ఉదయం 7:30

నాలుగు కాళ్లు పెట్టండి. కింద రెండు, భుజాల మీద రెండు.

లెక్కలమాస్టారు | శుక్రవారం, ఉదయం 8:00

మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా నిలుస్తుంది. నాలుగు కాళ్ల కుర్చీ ఊగుతుంది. తుప్పు గడ్డలున్న పైపులో నాలుగింటిలో ఒకటి ఎప్పుడూ గాలిలోనే ఉంటుంది.

పైపులోపలిచీమ | శుక్రవారం, ఉదయం 8:20

ఊగనివ్వండి మాస్టారూ! స్ప్రింగులు విడివిడిగా ఉంటే గాలిలో ఉన్న కాలుకు నష్టం లేదు, మిగతా మూడూ పట్టుకుంటాయి. మేము మూడు కాళ్లనే పట్టుకు వేలాడటానికి కారణం మోటారు ఖర్చు. ఊరికే అడిగిన వారే దారి చూపించారు. పై రెండింటికీ మోటార్లు వద్దు, ఊరికే నొక్కుతాయి. కింది రెండే లాగుతాయి.

ఊరికేఅడిగా | శుక్రవారం, ఉదయం 8:25

పేరు మార్చుకోవాలేమో.

పైపులోపలిచీమ | తర్వాతి బుధవారం, రాత్రి 12:10

నాలుగు కాళ్లతో అదే పైపు, ఈ కొస నుంచి ఆ కొసకు, మూడు ఫెర్రూళ్లు దాటి, ఒండ్రులో కూరుకోకుండా. రెండు పాత ముక్కల మధ్య కావాలనే వదులుగా చేసిన అతుకుకు స్లీవు వేశాం. రెండు కొసలూ మూసి నీళ్లు నింపి చేతి పంపుతో నాలుగు బార్ల దాకా ఎక్కించాం. అరగంట చూశాం. కింది వైపు ఒకచోట చెమ్మ కనిపించి, చుక్కయి, రాలింది. నాలుగు నిమిషాలకు ఇంకో చుక్క. విప్పి చూస్తే రబ్బరు కింద శనగ గింజంత తుప్పు గడ్డ, గొలుసుకు తప్పించుకుంది. గీకడం ఇంకా బాగా చేయాలి.

మాకిప్పుడు భూమిలో ఉన్న నిజమైన పైపు కావాలి.

లెక్కలమాస్టారు | బుధవారం, ఉదయం 6:15

నేను పని చేసిన కర్మాగారం మూతపడింది. క్వార్టర్స్‌లో మా పద్నాలుగు కుటుంబాలు మిగిలాయి. లోపలి నీటి లైను మా సంఘానిదే. ఆరంగుళాల సీఐ, దాదాపు 200 మీటర్లు, సీసం అతుకులు. మా కార్యదర్శితో మాట్లాడాను. పైపు పాడైతే మీరే బాగు చేసి ఇవ్వాలి, పనులయ్యే దాకా రెండు ట్యాంకర్లు మీ ఖర్చు. ఒప్పుకుంటే శనివారం రండి.

పైపులోపలిచీమ | బుధవారం, ఉదయం 6:18

ఒప్పుకున్నాం.

పాతవాల్వు | బుధవారం, ఉదయం 6:40

శనివారం నీళ్లు వచ్చే రోజా, రాని రోజా మాస్టారూ? వచ్చే రోజైతే ముందు రాత్రే వచ్చి కడ్డీ పెట్టి వింటాను, అది ఇంకా మా అటక మీదే ఉంది. అమ్మా, వాల్వు గుంతలో నీళ్లు నిలిచి ఉంటాయి, ఒక చిన్న బకెట్టు, నాలుగు గోనె సంచులు తెచ్చుకోండి. వెదురు కర్ర కూడా.